రూథర్‌ఫర్డ్ గురించి క్లాసులో ఎలా చెప్పాలి

భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ 1871లో న్యూజిలాండ్‌లో పుట్టాడని మొదలుపెట్టకండి, పిల్లలు అక్కడే ఆవులిస్తారు. నేరుగా 1909 మాంచెస్టర్ ల్యాబ్‌కి తీసుకెళ్లండి: చీకటి గదిలో ఆయన దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించి, జింక్ సల్ఫైడ్ తెర మీద ఆల్ఫా కణం (రేడియోధార్మిక పదార్థం నుంచి దూసుకొచ్చే ధనావేశపు కణం) తగిలినప్పుడల్లా మెరిసే చుక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంటారు. పల్చటి బంగారు రేకులోంచి దాదాపు అన్నీ దూసుకుపోతాయి, ఏ ఒకటీ అరో మాత్రం వెనక్కి తిరిగొస్తుంది. ఇక్కడ ఆగండి. ఎందుకొచ్చిందో పిల్లల్నే అడగండి, టక్కున జవాబు చెప్పేయొద్దు. కాసేపు బుర్ర గోక్కున్నాక, 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చిన కేంద్రకం (పరమాణువు నడిమధ్య ఉండే చిన్న, బరువైన ముద్ద) సంగతి చెప్పండి. నోబెల్ మాత్రం దీనికి కాదు, అంతకుముందే 1908లో, అదీ కెమిస్ట్రీలో వచ్చింది (ఫిజిక్స్ మనిషికి!). బోర్డు మీద కేంద్రకాన్ని గోళీకాయంత గీయకండి, బంగారం పరమాణువు వెడల్పులో అది పదివేలవ వంతు కూడా ఉండదు. టైముంటే 1919 నాటి ప్రోటాన్ (కేంద్రకంలో ఉండే ధనావేశపు కణం) కథ, లేకపోతే రేపటికి.