ఫొటో ఎక్కకపోతే, లిస్టు చదవరాకపోతే: చేనేత స్టాకు యాప్‌లో సమస్య - పరిష్కారం

పుట్టపాక, గట్టుప్పల్, కొయ్యలగూడెం వైపు నేత కుటుంబాలు వాడే ఒక స్టాకు యాప్‌ను నేను చూసుకుంటాను. చీర మగ్గం దిగగానే ఫొటో తీసి, పేరు, రకం, ధర రాసి పంపుతారు. నెలాఖరుకు సంఘం గుమస్తా ఆ లిస్టంతా ఎక్సెల్‌లోకి దించుకుని లెక్క కడతాడు. నాకు ఫోన్లు వచ్చేవి ఈ రెండు చోట్ల నుంచే. ఇలాంటి యాప్ నడిపే మరొకరికి పనికొస్తుందని, ఫోన్లో వాళ్లు చెప్పే మాటతోనే మొదలుపెట్టి రాస్తున్నాను.

"ఫొటో ఎక్కుతలేదన్నా"

అన్నీ ఎక్కడం లేదా, కొన్నేనా అని ముందు అడగండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఎక్కి, కెమెరాతో అప్పుడే తీసింది ఎక్కకపోతే గొడవ సైజుదే. వాట్సాప్ ఫొటోను బాగా కుదించి పంపుతుంది. ఫోన్ కెమెరా ఫొటో మాత్రం మూడు నాలుగు ఎంబీలు ఉండడం మామూలే. సర్వర్ ముందు ఇంజిన్‌ఎక్స్ (బయటి నుంచి వచ్చేదాన్ని మొదట అందుకునే ప్రోగ్రామ్) ఉంటే, మనం వేరే చెప్పనంతవరకు 1 ఎంబీ దాటినదాన్ని లోపలికి రానివ్వదు, 413 (సైజు ఎక్కువైంది) అని తిప్పి పంపుతుంది. అది దాటినా పీహెచ్‌పీ (సర్వర్‌లో మన కోడ్‌ను నడిపేది) దగ్గర ఇంకో రెండు గడపలున్నాయి: ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ.

ఈ 8 ఎంబీ గడపే ఎక్కువ తిప్పలు పెడుతుంది. అది దాటితే పీహెచ్‌పీ లాగ్‌లో ఒక హెచ్చరిక రాసుకుని, మన కోడ్‌కు మాత్రం ఫారాన్ని ఖాళీగా అందిస్తుంది. గట్టుప్పల్ నుంచి ఒక పెద్దమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, పేరు మూడుసార్లు రాసిన, పేరు రాయలేదనే అంటున్నది" అంది. అంచు, కొంగు, బాడీ, మడత పెట్టిన చీర, నాలుగు ఫొటోలు ఒకేసారి పెట్టింది. పేరు రాసిన మాట నిజమే. ఫారమంతా గడప దగ్గరే రాలిపోయింది, మన కోడ్ మాత్రం ఆమె రాయలేదని చెప్పింది. తప్పు ఎవరిదో తేలక ముందే వాడేవాళ్ల మీద వేసే ఇలాంటి మెసేజ్ యాప్‌లో ఉండకూడదు.

పరిష్కారం రెండు వైపులా చేయాలి. సర్వర్‌లో మూడు గడపలూ కలిసి పెంచండి, ఒకటి పెంచి ఊరుకుంటే ఆపే చోటు మారుతుందంతే. ఫారం వివరాలు సరిచూసే ముందు వచ్చిన మొత్తం సైజు చూసి, ఎక్కువైతే "ఫొటోలు పెద్దవిగా ఉన్నాయి, ఒక్కొక్కటిగా పంపండి" అని చెప్పండి. అంతకన్నా మేలైనది, ఫోన్లోనే, బ్రౌజర్‌లోనే, పొడవైన వైపు 2000 పిక్సెళ్లకు తగ్గించి పంపడం. మగ్గం గదిలో సిగ్నల్ ఒక గీత ఉండే ఇళ్లకు దీనివల్లే ఎక్కువ ఊరట. నెట్ మధ్యలో పోతే రాసిన వివరాలు పోకుండా ఫోన్లోనే దాచి, మళ్లీ పంపే బటన్ పెట్టండి.

చిన్న ఫొటో కూడా ఎక్కకపోతే బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి నంబర్ చూడండి. 504 అంటే సర్వర్ లోపల పని సమయానికి తెమల్లేదు. 500 వస్తే మెమరీని అనుమానించండి: 12 మెగాపిక్సెళ్ల ఫొటో డిస్కు మీద 4 ఎంబీయే అయినా, విప్పితే పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 48 ఎంబీ అవుతుంది. 50 మెగాపిక్సెళ్లదైతే 200 ఎంబీ. పీహెచ్‌పీ డిఫాల్ట్ మెమరీ హద్దు 128 ఎంబీ.

"ఎక్కింది గానీ తెరుచుకుంటలేదు"

ఐఫోన్ ఫొటో అయి ఉంటుంది. 2017లో ఐఓఎస్ 11 నుంచి యాపిల్ ఫోన్లు ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే వేరే ఫైలు రూపంలో దాస్తున్నాయి. ఎవరో పేరు చివర జేపీజీ అని మార్చి పంపితే లోపల సరుకు మారదు. ఫైలు పేరును నమ్మకుండా మొదటి బైట్లు చూడండి: జేపెగ్ అయితే ఎఫ్ఎఫ్ డి8 ఎఫ్ఎఫ్‌తో మొదలవుతుంది. హెచ్‌ఈఐసీ అయితే సర్వర్‌లో లిబ్‌హైఫ్ అనే లైబ్రరీతో జేపెగ్‌లోకి మార్చండి. పేరు మార్చి పంపిన హానికర ఫైళ్లను ఆపడానికీ ఇదే మొదటి మెట్టు.

"చీర అడ్డం పడ్డది"

యాప్‌లో నిలువుగానే కనిపిస్తుంది, పీడీఎఫ్‌లోనో ఎక్సెల్‌లోనో అడ్డం పడుతుంది. ఫోన్ పిక్సెళ్లను తిప్పకుండా, "దీన్ని ఇటు తిప్పి చూపించు" అని ఎగ్జిఫ్‌లో (ఫొటో ఫైలు లోపలే ఉండే వివరాల చీటీలో) ఒక అంకె రాసి పెడుతుంది. 6 అంటే సవ్యంగా 90 డిగ్రీలు, 3 అంటే తలకిందులు. ఇప్పటి బ్రౌజర్లు ఆ అంకెను చదువుకుంటాయి, చాలా పీడీఎఫ్ లైబ్రరీలు చదవవు. అందుకే ఫొటో రాగానే పిక్సెళ్లనే తిప్పేసి, ఆ తర్వాత ఎగ్జిఫ్ తీసేయండి. ముందే ఎగ్జిఫ్ తీసేస్తే ఎటు తిప్పాలో చెప్పేవాళ్లుండరు.

తీసేయడం మాత్రం తప్పనిసరి. లొకేషన్ ఆన్‌లో ఉన్న ఫోన్ అయితే ఎగ్జిఫ్‌లో అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. నేతన్నలకు ఇల్లే కార్ఖానా. చీర ఫొటో చూసినవాళ్లకు ఇంటి గడప చిరునామా కూడా ఇచ్చినట్లవుతుంది.

"రంగు గిట్ల లేదు, చీర వాపసు వచ్చింది"

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఫోన్ ఇదే. కొన్నవాళ్లు ఫొటోలో చూసింది ఒక ఎరుపు, చేతికి వచ్చింది ఇంకో ఎరుపు. వాపసు ఖర్చు నేసినవాళ్ల మీద పడుతుంది.

ముందు అసలు ఫొటోనూ, యాప్ చిన్నది చేసిన ఫొటోనూ ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టండి. అసలుదీ తప్పుగానే ఉంటే కోడ్‌ను తవ్వి లాభం లేదు, అది పసుపు బల్బు కింద తీసిన ఫొటో. పొద్దున పూట అరుగు మీద, నీడలో, ఫ్లాష్ లేకుండా తీయమని చెప్పండి. అసలుది బాగుండి చిన్నది వెలిసినట్టుంటే కారణం కలర్ ప్రొఫైల్, అంటే ఫొటోలోని అంకెలను ఏ రంగుల పరిధిలో చదవాలో చెప్పే చీటీ. ఐఫోన్లు, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే పెద్ద రంగుల పరిధిలో దాస్తాయి. మన కోడ్ ఆ ప్రొఫైల్‌ను చూడకుండా తీసేస్తే, అవే అంకెలను బ్రౌజర్ ఎస్‌ఆర్‌జీబీ (అంతకన్నా చిన్నదైన మామూలు పరిధి) అనుకుని చదువుతుంది. ఎరుపులు, ఆకుపచ్చలు చప్పబడతాయి. ముందు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చాలి, తర్వాతే ప్రొఫైల్ తీయాలి. నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌తో నడిచే సర్వర్లలో) షార్ప్ అనే ఫొటో లైబ్రరీ వాడేవాళ్లకు ఈ మార్పు దానంతటదే జరుగుతుంది, తిప్పడం మాత్రం విడిగా అడగాలి.

ఇక్కత్‌కు ఇంకో జాగ్రత్త ఉంది. చాలా యాప్‌లలో చిన్నది చేశాక అంచులు పదునెక్కించే ఫిల్టర్ వేస్తారు. మా చీరలకు అది వేయకండి. చిటికి కట్టి నూలుకు ముందే రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు కాబట్టి పువ్వు అంచు కొద్దిగా జాలువారినట్టు, ఈకలా ఉంటుంది. చేతి నేత ఇక్కత్‌ను చూసేవాళ్లు వెతికేది ఆ ఈకనే. ఫిల్టర్ దాన్ని గీసినట్టు చేస్తే, అచ్చు వేసిన చీర అనుకుంటారు. అసలు ఫైలును ఎప్పుడూ ముట్టుకోకుండా వేరే చోట ఉంచండి. తర్వాత ఏ తప్పు తెలిసినా అక్కడి నుంచి మళ్లీ చేసుకోవచ్చు. ఆ చోటు కంటెయినర్ (సర్వర్‌లో యాప్‌ను పెట్టి నడిపే పెట్టె) లోపల మాత్రం కాకూడదు, కొత్త కంటెయినర్ లేచిన రోజు ఫొటోలన్నీ పోతాయి.

"ఎక్సెల్ల తెలుగు అంతా పిచ్చి గీతలొస్తున్నయ్"

గీతలు ఎలాంటివో ఫొటో తీసి పంపమనండి. ఇక్కడ రెండు జబ్బులున్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

తల మీద గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు పదే పదే కనిపిస్తే భయం లేదు. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. సీఎస్‌వీని (గడులను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలును) డబుల్ క్లిక్‌తో తెరిస్తే ఎక్సెల్ ఆ బైట్లను పాత విండోస్ అక్షరాలుగా చదివింది, అంతే. అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు చక్కగా కనిపిస్తుంది. ఫైలు మొదట్లో ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే మూడు బైట్లు, అంటే బామ్, పెట్టి పంపండి, కుదురుతుంది. గుమస్తాకు ఒక మాట గట్టిగా చెప్పండి: గీతలున్న ఆ ఫైలును సేవ్ చేసి తిరిగి యాప్‌లోకి ఎక్కించొద్దు. ఎక్కిస్తే అసలు పేర్ల స్థానంలో ఆ గీతలే డేటాబేస్‌లో కూర్చుంటాయి.

నోట్‌ప్యాడ్‌లో కూడా వరుసగా ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం అది పెద్ద జబ్బు. దారిలో ఎక్కడో, చాలాసార్లు డేటాబేస్‌లోకి రాసేటప్పుడే, తెలుగు పట్టని అక్షర సముదాయం తగిలి అక్షరాలు పోయాయి. ప్రశ్నార్థకం నుంచి పేరు తిరిగి రాదు. వెంటనే బ్యాకప్ చూడండి, టేబుల్‌నూ కనెక్షన్‌నూ రెండింటినీ యూటీఎఫ్8ఎంబీ4కు (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8కు ఉన్న పేరు) మార్చండి.

"ఖాతా నంబర్ మారిపోయింది"

దీన్ని అదే రోజు పట్టించుకోండి, ఇది డబ్బు వ్యవహారం. సీఎస్‌వీలో అంకెలు కనబడితే ఎక్సెల్ వాటిని సంఖ్య అనుకుంటుంది. ముందున్న సున్నాలు రాలిపోతాయి. 12 అంకెల నంబర్ 1.23457ఇ+11 లాగా కనిపిస్తుంది, గడి ఫార్మాట్ మారిస్తే అది తిరిగి వస్తుంది. 15 అంకెలు దాటితే మాత్రం మిగిలిన అంకెలు సున్నాలైపోతాయి, సేవ్ చేశాక ఇక రావు. 16 అంకెల ఖాతా నంబర్ చివర సున్నా కనిపిస్తే బ్యాంకుకు పంపే ముందు ఆగి చూడండి. ప్లస్ 91తో రాసిన ఫోన్ నంబర్‌లో ప్లస్ పోతుంది. 5-6 అని రాసిన సైజు తేదీ అవుతుంది.

సీఎస్‌వీలో దీనికి నమ్మదగిన మందు లేదు. నేరుగా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ (ఎక్సెల్ సొంత రూపం) ఫైలు తయారు చేసి ఖాతా, ఫోన్, సైజు గడులను టెక్స్ట్‌గా రాయండి. వివరాల్లో ఎవరైనా సమాన గుర్తుతో మొదలుపెట్టి రాసినా అది ఫార్ములాగా నడవకుండా ఈ పద్ధతే కాపాడుతుంది. తేదీని సంవత్సరం ముందు వచ్చేలా రాయండి.

"లెక్క రెండు జాగల వస్తున్నది"

జిల్లా వారీ మొత్తంలో నల్గొండ ఒక వరుస, నల్లగొండ ఇంకో వరుస. రెండూ వాడుకలో ఉన్న రాతలే, ఎవరినీ తప్పుపట్టలేం. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక పుట్టపాక యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది, పాత ఎంట్రీల్లో నల్గొండ అనే ఉంది. మహబూబ్‌నగర్‌ది ఇంకా సూక్ష్మం: బ్, న మధ్య అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకరు టైప్ చేస్తారు, ఇంకొకరు ఖాళీ ఇస్తారు, మరొకరు మహబూబ్నగర్ అని కలిపేస్తారు. కంప్యూటర్‌కు అవి మూడు ఊర్లు. జిల్లా, ఊరు గడుల్లో రాయించకండి, లిస్టు నుంచి ఎంచుకోనివ్వండి, లోపల కోడ్ నంబర్ దాచండి.

"నెలాఖరుకు దిగుతలేదు"

మామూలు రోజుల్లో దిగి, నెలాఖరున నిమిషం తిరిగి ఆగిపోతే, ఇంజిన్‌ఎక్స్ వెనకున్న యాప్ జవాబు కోసం చూసే 60 సెకన్లు అయిపోయాయని అర్థం. గడువు పెంచకముందు క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) లెక్కపెట్టండి. ఒక్కో చీరకు నేసినవాళ్ల పేరు కోసం విడిగా డేటాబేస్‌కు వెళ్తుంటే, రెండు వేల చీరలకు రెండు వేల రాకపోకలు. రెండు టేబుళ్లనూ కలిపి అడిగే ఒకే జాయిన్‌తో తెచ్చుకోండి. ఫొటోలతో కలిపి జిప్ కావాలంటే దాన్ని వెనకాల నడిచే పనిగా పెట్టి, అయ్యాక లింకు పంపండి. జేపెగ్‌లను జిప్‌లో మళ్లీ కుదించొద్దు, తగ్గేది దాదాపు ఏమీ ఉండదు.

"పీడీఎఫ్‌ల ఒత్తులు విడిపోయినయ్"

గట్టుప్పల్ అన్నది గట్‌టుప్‌పల్ అని, గద్వాల గద్‌వాల అని వస్తే ఫాంట్ మార్చి చూడకండి, తప్పు ఫాంట్‌ది కాదు. ఆ పీడీఎఫ్ లైబ్రరీ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేరుస్తోంది గానీ, ఒత్తును కిందికి చేర్చే షేపింగ్ చేయడం లేదు. బిల్లును హెచ్‌టీఎంఎల్‌గా తయారు చేసి హెడ్‌లెస్ క్రోమ్‌తో (తెర లేకుండా సర్వర్‌లో నడిచే క్రోమ్ బ్రౌజర్‌తో) పీడీఎఫ్ చేయించండి, అందులో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ షేపింగ్ పని చేస్తుంది. సర్వర్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఉండాలి, లేకపోతే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి.

మా టెస్ట్ సర్వర్‌లో ఒకే ఒక్క చీర ఎంట్రీ శాశ్వతంగా ఉంచాను. ఊరు గట్టుప్పల్, జిల్లా మహబూబ్‌నగర్, సున్నాతో మొదలయ్యే 16 అంకెల ఉత్తుత్తి ఖాతా, ప్లస్ 91 నంబర్, 5-6 సైజు, ఫోన్ నిలువుగా పట్టి తీసిన 6 ఎంబీల ఎర్ర చీర ఫొటో. కోడ్‌లో ఏ మార్పు చేసినా ఆ ఫొటోను మళ్లీ ఎక్కించి, ఆ వరుసను ఎక్సెల్‌లోకీ పీడీఎఫ్‌లోకీ దించి, ఒక్కో గడీ చూశాకే గుమస్తాకు ఫోన్ చేసి "ఇప్పుడు దించుకో అన్నా" అని చెప్తాను.