ఏసీ, హీటింగ్ పనికి ముందు పర్మిట్ జాగ్రత్తలు

యూనిట్ కొనేముందే స్థానిక భవన అనుమతుల ఆఫీసులో అడగండి. ఫిల్టర్ మార్చడం లాంటి చిన్న పనులకు చాలాచోట్ల పర్మిట్ అక్కర్లేదు. యూనిట్ మార్చినా, డక్టులు (గాలి వెళ్లే గొట్టాలు) వేసినా, గ్యాస్ లైన్ కదిపినా సాధారణంగా కావాలి. కరెంటు పనికి వేరే పర్మిట్ ఉండొచ్చు.

- పర్మిట్ కాంట్రాక్టర్ పేరు మీదే ఉండాలి. "మీ పేరున తీసుకోండి, ఖర్చు తగ్గుతుంది" అంటే ఒప్పుకోకండి. తేడా వస్తే బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది. లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు స్వయంగా చూడండి.

- అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ అనుమతి విడిగా తీసుకోండి.

- గోడ మూసేముందు తనిఖీ జరగాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పైపులు, వైర్లు ప్లాస్టరింగ్ వెనక్కి వెళ్లిపోతే, చూడటానికి మళ్లీ పగలగొట్టమనే పరిస్థితి వస్తుంది. కాబట్టి ఇన్‌స్పెక్టర్ వచ్చే తేదీ ఖాయమయ్యాకే మేస్త్రీని పిలవండి.

- గ్యాస్ హీటర్ పొగగొట్టం తనిఖీని దయచేసి దాటవేయకండి. అందులో లోపముంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణాలే పోతాయి. ఆ వాయువును పసిగట్టే అలారం కూడా పెట్టించండి.

- ఏసీలో చల్లదనం కోసం నింపే ఆర్-32 గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది. నింపే గ్యాస్ గది సైజుకు తగిన పరిమాణంలోనే ఉందా అని అడగండి.

- తుది తనిఖీ పాసయ్యాకే చివరి వాయిదా కట్టండి. తనిఖీ పాసైన కాగితం భద్రంగా దాచండి, ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు.