కాలిఫోర్నియాలో వడ్డీ మాఫీకి దరఖాస్తు పెట్టే ముందు

సొంతదారులు తీసుకోకుండా తమ దగ్గరే ఉండిపోయిన (క్లెయిమ్ కాని) సొమ్మును వ్యాపారాలు గడువులోగా రాష్ట్రానికి అప్పగించకపోతే ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది. రాష్ట్ర ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి అయిన స్టేట్ కంట్రోలర్ స్వచ్ఛంద పథకంలో చేరి షరతులన్నీ పాటిస్తే అది మాఫీ అవుతుంది. చిన్న వ్యాపారాలకు ఇది నిజంగా పెద్ద ఊరట.

• ఈ సొమ్ముపై రాష్ట్రం ఆడిట్ మొదలైతే ఈ దారి మూసుకుపోతుంది. ముందు ఇదే చూసుకోండి.

• 10 ఏళ్ల లెక్కలు తిరగేయాలి. బ్యాంకు రీకన్సిలియేషన్‌లో (మీ లెక్కల్ని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడటం) తేలకుండా ఉండిపోయిన చెక్కులు వెతకండి. మానేసిన ఉద్యోగి మార్చుకోని ఆఖరి జీతం చెక్కు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. తీసుకోని జీతాలు ఏడాదికే క్లెయిమ్ కాని సొమ్ము అవుతాయి, మిగతా చాలావి 3 ఏళ్లకు. ఇతర ఆదాయంలో కలిపేసిన పాత క్రెడిట్లనూ (కస్టమర్లకు తిరిగి ఇవ్వాల్సిన మొత్తాలు) వదలొద్దు.

• ఈ సొమ్ము వివరాలతో రాష్ట్రానికి ఇచ్చే రిపోర్టుకు కనీసం 30 రోజుల ముందే సొంతదారులకు ఉత్తరమో మెయిలో పంపండి. డబ్బు వాళ్లది.

• పథకంలో చేరినవాళ్లకు శిక్షణ తప్పనిసరి.