ఇంట్లోనే ఫారడే పంజరం: ఈఎంపీ నుంచి పరికరాలను కాపాడే పెట్టెను తయారుచేసుకునే విధానం

బియ్యం పోసుకునే పెద్ద స్టీలు డబ్బా ఒకటి, కొంత మందపాటి అట్ట, వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఒక చుట్ట, గిన్నెలు తోమే స్టీలు పీచు, ఎమరీ కాగితం, పరీక్షించడానికి ఒక చిన్న రేడియో, రెండు ఫోన్లు ఉంటే ఒక పూటలో ఫారడే పంజరం, అంటే బయటి విద్యుత్ క్షేత్రాన్ని లోపలికి రానీయని లోహపు పెట్టె, సిద్ధమవుతుంది. పని తేలికే. అయితే ఇలాంటి పెట్టెలలో ఎక్కువ భాగం ఎందుకు విఫలమవుతాయో తెలియాలంటే, అవి దేనిని ఆపాలో ముందుగా తెలుసుకోవాలి. అందువల్ల విద్యుదయస్కాంత పల్స్, అంటే ఈఎంపీ, గురించి చెప్పి పెట్టె దగ్గరకు వస్తాను.

1962 జూలై 9న, గ్రీనిచ్ కాలమానం ప్రకారం, పసిఫిక్ మహాసముద్రంలోని జాన్‌స్టన్ దీవికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున అమెరికా 1.4 మెగాటన్నుల అణ్వస్త్రాన్ని పేల్చింది. స్టార్‌ఫిష్ ప్రైమ్ అనే ఆ పరీక్ష వేడి గాని, గాలి తాకిడి గాని హవాయి దీవులకు చేరలేదు. అయినా దాదాపు 1,450 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ దీవుల్లో సుమారు 300 వీధిదీపాలు ఆరిపోయాయి, దొంగతనాలను పట్టిచ్చే అలారాలు వాటంతటవే మోగాయి, ఒక టెలిఫోన్ మైక్రోవేవ్ లింకు దెబ్బతింది. పేలుడులో వెలువడిన గామా కిరణాలు పైవాతావరణంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగా, అవి భూమి అయస్కాంత క్షేత్రంలో వంపు తిరుగుతూ అతి క్షణికమైన, అతి బలమైన రేడియో తరంగాన్ని నేలమీదికి పంపాయి. ఈఎంపీ అనేది ఇదే.

ఈ పల్స్‌ను శాస్త్రజ్ఞులు మూడు భాగాలుగా చూస్తారు. ఇ-1 అనే మొదటి భాగం కొన్ని నానోసెకన్లలోనే (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) శిఖరానికి చేరుతుంది. అంతర్జాతీయ ప్రమాణాలు దానిని మీటరుకు 50,000 వోల్టుల వరకు లెక్కలోకి తీసుకుంటాయి. ఇ-2 చాలావరకు పిడుగును పోలి ఉంటుంది. ఇ-3 నెమ్మదిగా, సెకన్ల నుంచి నిమిషాల వరకు సాగుతూ, వందల కిలోమీటర్ల పొడవున్న విద్యుత్ లైన్లలో కరెంటును పుట్టిస్తుంది. మనం చేసే పెట్టె పనికివచ్చేది ప్రధానంగా ఇ-1 విషయంలోనే.

సౌర తుఫాను గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రెండింటినీ కలిపి మాట్లాడడం చాలాచోట్ల చూశాను. 1989 మార్చి 13న సౌర తుఫాను వల్ల కెనడాలోని క్విబెక్ విద్యుత్ వ్యవస్థ సుమారు 90 సెకన్లలో కుప్పకూలి, 60 లక్షల మంది దాదాపు 9 గంటలపాటు చీకట్లో ఉన్నారు. అయితే సౌర తుఫానులో ఇ-1 వంటి వేగవంతమైన పల్స్ ఉండదు, దాని ప్రభావమంతా ఇ-3 తరహాలో పొడవైన లైన్ల మీదే పడుతుంది. బీరువాలో ఉన్న రేడియోను అది ఏమీ చేయదు. సౌర తుఫాను భయంతో పెట్టె తయారుచేసుకునేవారు ఆ శ్రమను ప్లగ్గులు తీసే అలవాటు మీద, నీళ్లూ దీపాలూ సిద్ధం చేసుకోవడం మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఇ-1 కూడా అన్ని పరికరాలనూ సమానంగా దెబ్బతీయదు. తరంగం నుంచి శక్తిని గుంజుకునేవి తీగలు. గోడ ప్లగ్గుకు తగిలించిన టీవీకి వీధి మొత్తం కరెంటు తీగ, కేబుల్ తీగ యాంటెనాలవుతాయి. తీగలేవీ లేకుండా సొరుగులో ఉన్న చేతిగడియారానికి లేదా పెన్‌డ్రైవ్‌కు అంత పొడవు లేదు కనుక అది తట్టుకొనే అవకాశం చాలా ఎక్కువ. కాబట్టి పెట్టెలోకి వెళ్లే ప్రతి వస్తువు నుంచీ చార్జరు తీగ, ఇయర్‌ఫోన్, పొడవాటి ఏరియల్ వేరు చేయాలి. పెట్టెలోంచి బయటకు ఒక్క తీగ కూడా రాకూడదు. లోపల ఫోను చార్జింగులో ఉంచాలని మూతకు చిన్న రంధ్రం చేసి తీగ లాగితే, ఆ తీగే బయటి పల్స్‌ను నేరుగా లోపలికి మోసుకొస్తుంది.

మైకేల్ ఫారడే 1836లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 12 అడుగుల ఘనాకారపు కొయ్య చట్రాన్ని కట్టి, దానిని రాగి తీగతో, కాగితంతో, తగరపు రేకుతో కప్పి, బయట బలమైన విద్యుత్తును ఎక్కిస్తూ తాను లోపల కూర్చుని పరికరాలతో పరిశీలించాడు. బయటి ఉపరితలం నుంచి మెరుపులు ఎగసినా లోపల విద్యుత్ జాడే కనిపించలేదు. వాహకపు తొడుగు మీద చార్జి బయటివైపే సర్దుకుంటుంది. మారుతున్న క్షేత్రం ఎదురైనప్పుడు తొడుగులో పుట్టే కరెంటు ఆ క్షేత్రాన్ని లోపలికి రానీయకుండా ఎదురు నిలుస్తుంది. ఆ కరెంటు పెట్టె చుట్టూ అడ్డంకి లేకుండా ప్రవహించగలగాలి. ఎక్కడ లోహానికీ లోహానికీ మధ్య సంబంధం తెగిందో అక్కడి నుంచే క్షేత్రం లోపలికి చొరబడుతుంది.

పెట్టె తయారీలో అసలు సంగతి ఇదే. గోడ ఎంత మందమన్నది చాలామంది ఆలోచిస్తారు గాని మూత ఎలా కూర్చుందో చూడరు. 100 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర అల్యూమినియంలోకి తరంగం చొచ్చుకుపోయే లోతు సుమారు 8 మైక్రాన్లే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వంటింటి ఫాయిల్ మందం సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. గోడల విషయంలో ఏ స్టీలు డబ్బా అయినా సరిపోతుంది. మూత దగ్గర మిగిలే సందు మాత్రం దాని పొడవును బట్టి ప్రమాదకరం అవుతుంది, వెడల్పును బట్టి కాదు. వెంట్రుకంత సన్నగా ఉన్నా 75 సెంటీమీటర్ల పొడవున్న చీలిక, ఆ పొడవు అర తరంగదైర్ఘ్యానికి సమానమయ్యే 200 మెగాహెర్ట్జ్ దగ్గర యాంటెనాలాగా పనిచేస్తుంది. అదే డబ్బాకు అర సెంటీమీటరు వ్యాసం గల రంధ్రాలు నాలుగైదు ఉన్నా ఆ పౌనఃపున్యాలలో నష్టం స్వల్పమే.

ఈ కారణంగానే ట్రంకు పెట్టె మంచి ఎంపిక కాదు. దాని మూత అంచు పొడవునా రంగు ఉంటుంది, బందుల దగ్గర, తాళం దగ్గర మాత్రమే లోహం తగులుతుంది, మిగిలినదంతా పొడవైన చీలికే. నేను మొదట ఎంచుకున్నది ట్రంకు పెట్టెనే. మూత వేసి తాళం పెట్టాక కూడా లోపలి ఫోను మోగింది. గుండ్రటి స్టీలు డబ్బా, మూత అంచు డబ్బా మెడను బిగుతుగా పట్టుకొని రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగేది, ఇందుకు ఎంతో మేలు. రబ్బరు లేదా ప్లాస్టిక్ రింగు ఉన్న మూతలు వద్దు, ఆ రింగు రెండు లోహాలనూ వేరుచేస్తుంది. గాజు కిటికీ ఉన్న మూత సంగతి చెప్పనక్కర్లేదు. జింకు పూత పూసిన బిగుతు మూత చెత్తడబ్బా దొరికితే అదీ పనికివస్తుంది.

డబ్బా తెచ్చాక మెడ చుట్టూ, మూత లోపలి అంచు చుట్టూ ఎమరీ కాగితంతో రుద్ది, కర్మాగారపు నూనె, రంగు, లేబుల్ జిగురు పూర్తిగా పోయి లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. జింకు పూత డబ్బా అయితే రంగును మాత్రమే తీయాలి, పూత పోయేంతగా రుద్దితే తుప్పు పడుతుంది. తరువాత స్టీలు పీచును పురికొసలాగా పొడవుగా సాగదీసి, మూత లోపలి గాడిలో చుట్టూ తెగకుండా అమర్చాలి. మూత నొక్కినప్పుడు ఆ పీచు నలిగి, మెడకూ మూతకూ మధ్య వందల చోట్ల తగులుతుంది. పీచు తుంపులు లోపల రాలి సర్క్యూట్ల మీద పడే ప్రమాదం ఉన్నందున, లోపలి వస్తువులన్నింటినీ సంచుల్లో కట్టి ఉంచడం తప్పనిసరి. మూత పైకి లేవకుండా బరువు పెట్టడం లేదా బెల్టుతో బిగించడం మంచిది.

ఏసీ పనివారు వాడే అల్యూమినియం టేపును మూత చుట్టూ అంటిస్తే చాలదు. చాలా టేపుల జిగురు విద్యుత్తును ప్రసరింపజేయదు కాబట్టి టేపు లోహానికి నేరుగా తగలదు. టేపు వాడదలచుకుంటే జిగురు కూడా వాహకంగా ఉన్న రాగి టేపునే అడిగి కొనాలి.

డబ్బా లోపలి గోడలకు, అడుగుకు, మూతకు అట్టను కత్తిరించి అమర్చండి. ఏ పరికరమూ లోహానికి తగలకూడదు, ఎందుకంటే పల్స్ సమయంలో కరెంటు ప్రవహించేది ఆ లోహంలోనే. థర్మాకోల్ గాని, రబ్బరు షీటు గాని వాడుకోవచ్చు. అట్ట సందుల్లో ఖాళీ లేకుండా చూడండి.

ముఖ్యమైన వస్తువులకు లోపల రెండో తొడుగు వేయడం నేను గట్టిగా సూచిస్తాను. వస్తువును ముందు గుడ్డలో లేదా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దాని మీద ఫాయిల్‌ను కనీసం రెండు పొరలుగా చుట్టి, మందుల పొట్లం కట్టినట్టు అంచులను రెండేసి సార్లు మడిచి గట్టిగా నొక్కాలి. చిరుగులు కనిపిస్తే కొత్త ఫాయిల్ వాడాలి. కంప్యూటరు భాగాలతో వచ్చే గులాబీరంగు సంచులు స్థిర విద్యుత్తు నుంచి కాపాడేందుకు మాత్రమే, పల్స్‌ను ఆపవు.

మైక్రోవేవ్ ఓవెన్‌నే పంజరంగా వాడవచ్చని చెప్పేవారున్నారు. ఓవెన్ తలుపు అమరిక 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేయడానికి చేసినది, ఇ-1 శక్తిలో అధిక భాగం ఉండేది 100 మెగాహెర్ట్జ్ కంటే దిగువన. పైగా దానికి కరెంటు తీగ తోకలాగా ఉంటుంది. దానిని పక్కన పెట్టండి.

పెట్టెకు ఎర్త్ తీగ కలపాలా అన్నది తరచూ వచ్చే సందేహం. అవసరం లేదు. పంజరం పని తన చుట్టూ తానే కరెంటును ప్రవహింపజేయడం, నేలతో దానికి పనిలేదు. పైపెచ్చు కొన్ని మీటర్ల ఎర్త్ తీగ తానే ఒక యాంటెనా అయి పెట్టె మీదికి అదనపు కరెంటును తెస్తుంది.

ఇక పరీక్ష. డబ్బాలో ఒక ఫోను పెట్టే ముందు దాని వైఫై, వైఫై కాలింగ్ ఆపేయండి. మూత వేసి రెండు నిమిషాలు ఆగి ఇంకో ఫోను నుంచి కాల్ చేయండి, ఎందుకంటే నెట్‌వర్క్‌కు ఫోను కనబడకుండా పోయిందని తెలియడానికి కొంత సమయం పడుతుంది. కవరేజీ ఏరియాలో లేరని సమాధానం వస్తే మొదటి మెట్టు దాటినట్టే. ఈ పరీక్షను టవరు సంకేతం బలంగా ఉన్న చోటే చేయాలి. సంకేతం అప్పటికే బలహీనంగా ఉంటే కాస్త అడ్డు పెట్టినా కాల్ తెగిపోతుంది, అది పెట్టె గొప్పతనం కాదు. ఫోను సెట్టింగులలో సంకేత బలం డీబీఎం అనే కొలమానంలో కనిపిస్తుంది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సంకేతం బలహీనమని అర్థం. బయట మైనస్ 65 చూపిస్తున్న ఫోను మైనస్ 120 దగ్గర నెట్‌వర్క్ వదిలేస్తుందనుకుంటే, కాల్ తెగినప్పుడు పెట్టె కనీసం 55 డెసిబెల్స్ తగ్గించినట్టు లెక్క. 20 డెసిబెల్స్‌కు క్షేత్రం పదో వంతు, 40కి నూరో వంతు, 60కి వెయ్యో వంతు అవుతుంది. అంటే మీటరుకు 50,000 వోల్టులు 60 డెసిబెల్స్ పెట్టెలో మీటరుకు 50 వోల్టులకు దిగుతాయి. అమెరికా సైనిక ప్రమాణం 80 డెసిబెల్స్ కోరుతుంది, ఇంటి డబ్బా నుంచి అంత ఆశించకూడదు.

ఫోను పరీక్ష ఒక్కటే చాలదు, ఎందుకంటే ఫోన్లు వాడే పౌనఃపున్యాలు పల్స్ కంటే బాగా ఎగువన ఉంటాయి. అందుకని చిన్న రేడియోను స్థానిక ఎఫ్‌ఎం స్టేషను మీద పెద్ద శబ్దంతో పెట్టి డబ్బాలో ఉంచండి. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే ఎఫ్‌ఎం, పల్స్ పౌనఃపున్యాల ఎగువ అంచుకు దగ్గరగా ఉంటుంది. మూత వేయగానే పాట ఆగి బుస వినిపించాలి. తరువాత మీడియం వేవ్‌లో ఆకాశవాణి దొరికితే దానితోనూ చూడండి. పాట వినబడుతూ ఉంటే మూతను ఒక్కొక్క వైపు నొక్కుతూ చెవి పెట్టి వినండి. ఎక్కడ నొక్కితే పాట ఆగుతుందో అక్కడే పీచు సరిగా తగలడం లేదని తెలుస్తుంది. లోపాన్ని వెతికే పద్ధతుల్లో ఇంతకంటే సూటిదైనది నాకు దొరకలేదు.

లోపల ఏమి పెట్టాలన్నది ఇంటి అవసరాన్ని బట్టి ఉంటుంది. నా దృష్టిలో మొదటి స్థానం బ్యాటరీ రేడియోది, రెండోది మధుమేహం ఉన్న ఇంట్లో అదనపు గ్లూకోమీటరుది. తరువాత ఎల్‌ఈడీ టార్చి, సోలార్ చార్జ్ కంట్రోలరు (పలకల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపుచేసేది), పాస్‌బుక్కులూ భూమి పత్రాలూ వైద్య నివేదికలూ ఉన్న హార్డ్‌డిస్క్, దానిని తెరవగల పాత ఫోను. సోలార్ పలకలకంటే వాటి వెనుక ఉండే కంట్రోలరు, ఇన్వర్టరు సున్నితమైనవి కనుక చిన్న కంట్రోలరు ఒకటి అదనంగా దాచడం తెలివైన పని.

మన వేసవి ఎండలు, కోస్తా తేమ ఈ పెట్టెకు పల్స్ కంటే ముందు వచ్చే శత్రువులు. రేకుల కప్పు కింద, అటక మీద పెట్టవద్దు. లిథియం బ్యాటరీలను సగం చార్జితో ఉంచాలి. రేడియో, టార్చిలలోని మామూలు సెల్స్ కారి పాడుచేస్తాయి కనుక తీసి విడిగా సంచిలో పెట్టాలి. సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేయండి.

పెట్టెలోకి రాని ఫ్రిజ్, టీవీ, రౌటర్లకు రోజువారీ ముప్పు పిడుగే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఉరుము దూరంగా వినిపించినప్పుడే ప్లగ్గులూ కేబుల్ తీగా తీసే అలవాటు ఇంట్లో అందరికీ నేర్పాలి. మబ్బు నెత్తిమీదికి వచ్చాక మాత్రం ప్లగ్గులను ముట్టుకోకూడదు.

మూడు నెలలకొకసారి డబ్బా తెరిచి బ్యాటరీలను సగానికి చార్జి చేసి, రేడియో పలుకుతోందో లేదో విని, నలిగిపోయిన స్టీలు పీచును మార్చి, మెడ మీద తుప్పు మచ్చలుంటే రుద్దేయాలి. లోపలి వస్తువుల జాబితాను కాగితం మీద రాసి డబ్బా బయట అంటించాలి. మూత వేశాక ఎఫ్‌ఎం పరీక్ష, ఫోను పరీక్ష మళ్లీ చేసి, ఆ తేదీని జాబితా కింద రాసుకోవాలి.