సైకాలజిస్టులు బర్నవుట్‌ను గుర్తించి, తట్టుకోవడం ఎలా

క్లయింట్ రాలేనని ఫోన్ చేసినప్పుడు ప్రాణానికి హాయిగా అనిపిస్తున్నా, ఒకప్పుడు పేజీ నిండిన కేస్ నోట్స్ ఇప్పుడు రెండు వాక్యాలతో ముగుస్తున్నా దాన్ని తేలికగా తీసుకోకండి. 1974లో మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ వర్ణించిన బర్నవుట్ అనే ఈ స్థితిలో (పని ఒత్తిడితో కుంగిపోవడం) మరో మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్ మూడు అంశాలను గుర్తించారు: మానసికంగా పూర్తిగా అలసిపోవడం, ఎదుటివారి పట్ల నిర్లిప్తత, తన పని వల్ల ఒరిగేదేమీ లేదన్న భావన. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో దీన్ని వ్యాధిగా కాక వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొంది కాబట్టి, పరిష్కారాన్ని కూడా ముందుగా పని తీరులోనే వెతకాలి.

మూడు నెలలకోసారి మీ పాత నోట్స్‌ను కొత్తవాటి పక్కన పెట్టి చదవండి. క్లయింట్ మాటలు మాయమై, రోగలక్షణాల పేర్లు మాత్రమే మిగిలి ఉంటే నిర్లిప్తత మొదలైనట్టే. అప్పుడు కొత్త కేసులు తగ్గించి, తీవ్రమైన ఆఘాతానికి గురైనవారి సెషన్లు ఒకదాని వెంట ఒకటి రాకుండా అపాయింట్‌మెంట్లు మార్చుకోండి.

విశాఖలో పనిచేసేవారికి మరో భారం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడినప్పుడు, 2020 మే 7న వెంకటాపురంలో విషవాయువు లీకైనప్పుడు, బాధితుల గోడు వినాల్సినవారు కూడా ఈ ఊరివారే. అలాంటి సమయంలో ముందు మీ ఇంటివారి క్షేమం చూసుకుని, ఆ తర్వాతే కుర్చీలో కూర్చోండి; ఇది స్వార్థం కాదని గట్టిగా చెబుతాను. మామూలు రోజుల్లో కూడా ఎంవీపీ కాలనీ రైతుబజారులోనో బీచ్ రోడ్డులోనో క్లయింట్లు ఎదురవుతారు. బయట కలిస్తే ముందుగా పలకరించనని మొదటి సెషన్‌లోనే చెప్పి ఉంచితే ఇద్దరికీ ఇబ్బంది తప్పుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువు ముగించి కొత్తగా ప్రాక్టీసు పెట్టినవారు సూపర్‌విజన్ (తమ కేసులను అనుభవజ్ఞులతో చర్చించి సలహా తీసుకోవడం) ఖర్చును గది అద్దెలాగే తప్పనిసరిగా లెక్కవేసుకోవాలి. సీనియర్లకు చిక్కు వేరు: అందరూ వారినే సలహా అడుగుతారు, వారు అడగడానికి ఎవరూ మిగలరు. వారు వేరే ఊరి థెరపిస్టుతో వీడియో ద్వారా మాట్లాడటం మేలు.

నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డిప్రెషన్ కావచ్చు కాబట్టి సైకియాట్రిస్టును కలవండి. సెలవు అవసరమైతే క్లయింట్లకు వీలైనంత ముందుగా చెప్పి, ఆ మధ్యకాలంలో చూసే సహోద్యోగి నంబరును, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416ను రాసివ్వండి.