కొత్త రివాల్వర్‌లో చిన్న చిన్న లోపాలు కనిపిస్తే ఏం చేయాలి?

గన్ లైసెన్సు చేతికి రావడమే పెద్ద పని. దరఖాస్తు, పోలీసు విచారణ, సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్, కలెక్టరేట్ చుట్టూ తిరుగుళ్లు. అవన్నీ అయ్యాక, పెద్ద మొత్తం పోసి కొన్న రివాల్వర్‌ని ఇంటికి తెచ్చి చూసుకుంటే ట్రిగ్గర్ గరగరమంటోంది, పిడి కదులుతోంది, తూటాలుండే సిలిండర్ తిరిగేటప్పుడు ఒకచోట పట్టేస్తోంది. మిర్యాలగూడ మిల్లు యజమాని అయినా, జడ్చర్ల హైవే మీద పెట్రోల్ బంకు నడిపేవారైనా, సెక్యూరిటీ ఉద్యోగంలో చేరిన మాజీ సైనికుడైనా అప్పుడు మొదట చేయబోయే పని ఒక్కటే: తెలిసిన మెకానిక్‌కి ఫోన్ కొట్టడం.

దయచేసి ఆ ఫోన్ చేయకండి. మన దగ్గర మంచి లేత్ పనివాళ్లకు కొదవ లేదు. రైస్ మిల్లు షాఫ్ట్ అరిగిపోతే కొలత తీసుకుని కొత్తది చేసి ఇచ్చే చేతులు మనవి. అంత పనితనం ఉన్నవారికి రివాల్వర్ స్ప్రింగ్ సరిచేయడం కష్టమేమీ కాదు. కానీ 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీకి, అమ్మకానికి లాగే రిపేరుకూ ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. అది లేకుండా రిపేరు చేస్తే, 2019 సవరణ తర్వాత, కనీస శిక్ష ఏడేళ్ల జైలు. యావజ్జీవం దాకా పడవచ్చు. మీ దగ్గరున్నది తుపాకీ పెట్టుకునే లైసెన్సే, రిపేరు చేసే లైసెన్సు కాదు. సాయం చేయబోయిన పాపానికి ఆ పనివాడు జైలు పాలు కాకూడదు గదా.

మరి ఏం చేయాలంటే, కొనే రోజు నుంచే మొదలుపెట్టాలి.

కౌంటర్ దగ్గరే చూసుకోండి

చాలామంది షాపులో బిల్లు, లైసెన్సు ఎంట్రీ పనులు చూసుకుని, పెట్టె మూసి బండెక్కేస్తారు. గంటసేపు అక్కడే ఉండి పరీక్షించండి. లోపం షాపులో బయటపడితే వేరే పీస్ చూపించమని అడగొచ్చు. నంబరు లైసెన్సులోకి ఎక్కాక అదే పని పది కాగితాల వ్యవహారం అవుతుంది. అందుకే ఎంట్రీకి ముందే తనిఖీ చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కాన్పూర్‌లోని ప్రభుత్వ తుపాకీల ఫ్యాక్టరీ నుంచి నేరుగా తెచ్చుకునేవారైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. మళ్లీ అంత దూరం వెళ్లిరావడం తేలిక కాదు.

ముందు అది ఖాళీగా ఉందని మీ కళ్లతో చూడండి. అమ్మేవాడు చూపించినా సరే, మీరు మళ్లీ చూడండి. కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్, నిర్భీక్ లాంటి మోడళ్లు పైన లాచ్ నొక్కితే మధ్యకు విరిగినట్టు తెరుచుకుంటాయి. 2023లో వచ్చిన ప్రబల్ మోడల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఏ రకమైనా సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదులన్నీ ఖాళీగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడాలి. చూసేటప్పుడు కూడా బ్యారెల్ మూతి మనుషుల వైపు ఉండకూడదు, వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు.

తర్వాత నంబరు. తుపాకీ మీది నంబరు, పెట్టె మీది నంబరు, బిల్లులోది, లైసెన్సులో రాయబోయేది, అన్నీ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. చెక్కిన అంకె మసకగా ఉంటే ఆ పీస్ తీసుకోవద్దు. తర్వాత ఎవరో దాన్ని గీసి స్పష్టం చేశారంటే, గుర్తింపు నంబరు మార్చారన్న అనుమానం మీ మీదకే వస్తుంది. 8వ సెక్షన్ ప్రకారం అదీ నేరమే.

ఇక పనితీరు. డమ్మీ రౌండ్లు (పేలని నకిలీ తూటాలు) అడిగి గదుల్లో వేయించండి. అవి సాఫీగా జారి కూర్చోవాలి, తెరిచినప్పుడు ఇబ్బంది లేకుండా బయటకు రావాలి. ఒకే గదిలో పట్టేస్తోందంటే ఆ గది లోపల గరుకు మిగిలిందన్నమాట. హ్యామర్‌ని (తూటా మీద దెబ్బ వేసే వెనక భాగాన్ని) బొటనవేలితో నెమ్మదిగా వెనక్కి లాగుతూ సిలిండర్‌ను గమనించండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆగేసరికి సిలిండర్ కూడా తన చోట నిలబడాలి. వేలితో కదిపితే కొద్దిగా ఆడటం సహజం. గది బ్యారెల్ వరుస తప్పి పక్కకు జరిగేంతగా ఆడితే మాత్రం అది చిన్న లోపం కాదు. ఇలా ఒక్క గదికి చూసి ఆపేయకుండా అన్ని గదులకూ చూడండి.

మూసి ఉంచి, పక్క నుంచి వెలుతురుకు పెట్టి, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు చూడండి. సన్నటి వెలుగు గీత కనిపించాలి, సిలిండర్ తిరుగుతున్నకొద్దీ అది ఒకేలా ఉండాలి. ఒకచోట గీత మాయమైతే అక్కడ రాసుకుంటోందని అర్థం. సందు మరీ ఎక్కువైతే కాల్చినప్పుడు వేడి గాలి, సీసపు పొట్టు పక్కకు చిమ్ముతాయి. ఏ రివాల్వర్ అయినా ఆ సందు దగ్గర వేళ్లు పెట్టకూడదన్నది కూడా ఇందుకే.

చివరగా లాచ్ గట్టిగా పడుతోందా, గురి చూసే ముందు సైట్ నిలువుగా ఉందా, పిడి స్క్రూలు బిగువుగా ఉన్నాయా, బ్యారెల్ లోపల తుప్పు మచ్చలు ఉన్నాయా అన్నవి చూస్తే చాలు.

లోపం కానివి

కొత్త తుపాకీ గదుల్లో, బ్యారెల్‌లో మసి కనిపిస్తే ఎవరో వాడినది అంటగట్టారని కంగారు పడతారు. ఫ్యాక్టరీలో ప్రతి ఆయుధాన్నీ పేల్చి పరీక్షించాకే బయటకు పంపుతారు. ఆ మసి దానిదే. అలాగే సిలిండర్ చుట్టూ సన్నటి గీత పడటం చాలా రివాల్వర్లలో మామూలే. కొత్తలో ట్రిగ్గర్ బరువుగా ఉండటం కూడా లోపం కాదు. బరువు వేరు, మధ్యలో గుచ్చుకున్నట్టు ఆగి ఆగి కదలడం వేరు. రెండోదాని గురించే ఫిర్యాదు చేయాలి.

ఇంట్లో మీరు చేసుకోగలిగినవి

ఇవి తక్కువే, కానీ సగం టెన్షన్ వీటితోనే పోతుంది. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు చిక్కబడి ఉంటే హ్యామర్ కదలిక మందగిస్తుంది, దెబ్బ ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు అంటుకునే చిన్న భాగం) మీద బలంగా పడదు. లోపమనుకున్నది చాలాసార్లు ఈ గ్రీజే. తూటాలను ఇంట్లో వేరే గదిలో పెట్టి, తుపాకీ ఖాళీగా ఉందని మళ్లీ చూసుకుని, తుపాకీల కోసమే అమ్మే క్లీనింగ్ ద్రావకంతో, .32కు సరిపోయే బ్రష్‌తో బ్యారెల్, గదులు తుడవండి. తర్వాత పలచటి గన్ ఆయిల్ గుడ్డకు అద్ది పైపైన రాయండి. లోపలి భాగాలు విప్పకండి. పక్క ప్లేటు తీసి స్ప్రింగులు బయటకు లాగే పని షాపువాళ్లది.

కొబ్బరినూనె, వంటనూనె వద్దు. వంటనూనె కొన్నాళ్లకు జిగురవుతుంది. కొబ్బరినూనె చలికాలంలో ఇంట్లోనే గడ్డకడుతుంది, అది తుపాకీలో గడ్డకడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు. నూనె ఎంత మంచిదైనా గదుల్లో మిగలకూడదు, పొడిగుడ్డతో తుడిచేయాలి. నూనె ప్రైమర్‌లోకి దిగితే తూటా పేలదు, మీరేమో తుపాకీని తప్పుపడతారు.

పిడి స్క్రూ వదులైతే గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో బిగించుకోవచ్చు. సరిపోని దానితో తిప్పితే స్క్రూ తల చెడుతుంది, అప్పుడు లోపం మీ చేతిదే అంటారు. మీ పని ఇంతటితో అయిపోయింది. ఆకురాయి, ఎమరీ పేపర్, సుత్తి వీటి జోలికి పోవద్దు. ట్రిగ్గర్ గరుకు పోవాలని లోపల ఒక అంచు కాస్త రుద్దితే చాలు, హ్యామర్ పట్టు తప్పి దానంతట అదే పడిపోయే తుపాకీ తయారవుతుంది.

వానాకాలంలో తోలు పౌచ్‌లోనే పెట్టి బీరువాలో ఉంచేస్తే తోలు తేమ పట్టి మచ్చలు వస్తాయి. ఫినిష్ బాగాలేదని ఫిర్యాదు చేసేముందు, ఆ మచ్చలు వచ్చినప్పుడే ఉన్నాయా, తర్వాత పడ్డాయా ఆలోచించుకోండి. కొన్న రోజునే నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకుంటే ఈ వాదనే ఉండదు. ఆ ఫోటోలు మీ ఫోన్లోనే ఉండాలి. వాట్సాప్ స్టేటస్‌లో తుపాకీ పెట్టి కేసుల్లో ఇరుక్కోకండి.

పేల్చి చూడాలంటే

కొన్ని లోపాలు పేలిస్తేగానీ తెలియవు. అలాగని పొలం గట్టునో, గుట్ట వెనకనో పేల్చి చూడకండి. ఆత్మరక్షణకు ఇచ్చిన లైసెన్సు అందుకు అనుమతించదు. పైగా గుట్టకు తగిలిన తూటా ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు. బరాత్‌లో గాల్లోకి పేల్చడానికైతే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చని 2019 సవరణలో విడిగా రాశారు. అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లో, అక్కడి శిక్షకుడి ఎదుట, కళ్లకూ చెవులకూ రక్షణ పెట్టుకుని పరీక్షించండి. ఎక్కడ వీలవుతుందో డీలర్‌ను అడగండి.

అక్కడ తూటా పేలకపోతే వెంటనే తెరవొద్దు. కొన్నిసార్లు ఆలస్యంగా పేలుతుంది. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తర్వాత తెరిచి ప్రైమర్ మీద దెబ్బ ఎంత లోతుగా పడిందో చూడండి. గదులకు గుర్తు పెట్టుకుని చూస్తే చాలా సంగతులు బయటపడతాయి: ఎప్పుడూ ఒకే గదిలో పేలకపోతే లోపం ఆ గదిది, అన్నింట్లోనూ దెబ్బ పైపైనే పడుతుంటే స్ప్రింగ్‌దో, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్‌దో, దెబ్బ లోతుగా పడీ పేలకపోతే అనుమానం తూటాల మీదకు పోవాలి. వేరే బ్యాచ్ రౌండ్లతో చూస్తే అదీ తేలిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఇది: పేలిన శబ్దం బలహీనంగా 'టుప్'మని వస్తే అక్కడే ఆపేయండి. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ పగిలిపోతుంది. శిక్షకుడికి చెప్పి, ఖాళీ చేయించి, నేరుగా డీలర్ దగ్గరకే తీసుకెళ్లండి. పేలని రౌండ్లు, పేలిన తూటాల ఖాళీ గుల్లలు పారేయకుండా లెక్కతో దాచండి. కొత్త రౌండ్లు కొనేటప్పుడు లెక్క అడగవచ్చు, ఫిర్యాదుకు సాక్ష్యంగానూ పనికొస్తాయి.

డీలర్ దగ్గరకు వెళ్లేటప్పుడు

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. అసలు లైసెన్సు, బిల్లు వెంట ఉండాలి. తుపాకీ ఖాళీగా, కేసులో, బయటకు కనిపించకుండా ఉండాలి. మీరు వెళ్లలేకపోతే 3వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది: లైసెన్సుదారు రాతపూర్వకంగా అధికారం ఇస్తే, లైసెన్సు లేని వ్యక్తి కూడా రిపేరు కోసం ఆయుధాన్ని తీసుకెళ్లవచ్చు. చట్టం అనుమతించినా, నా మాట వింటే మీరే వెళ్లండి. చెక్‌పోస్టు దగ్గర కాగితం చూపించి వివరించడం మీకు తేలిక, మీ అల్లుడికో మేనేజర్‌కో కష్టం. లైసెన్సు తెలంగాణ వరకే చెల్లుబాటైతే దాన్ని పట్టుకుని కాన్పూర్ రైలెక్కవద్దు. ఫ్యాక్టరీకి పంపే పని డీలర్ ద్వారానే జరగాలి.

నోటితో చెప్పి రావొద్దు, రాసి ఇవ్వండి. "ఫలానా తేదీన ఈ బిల్లుపై కొన్న, ఈ నంబరు గల రివాల్వర్‌లో నాలుగో గదిలో రౌండ్ ఇరుక్కుంటోంది. ట్రిగ్గర్ సగం దూరంలో ఆగుతోంది. విప్పడం గానీ రిపేరు గానీ చేయించలేదు. సరిచేసి ఇవ్వండి, లేదా మార్చి ఇవ్వండి." ఇంత చాలు. ఒక కాపీ మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. ఆయుధం అక్కడ వదిలితే నంబరుతో సహా రసీదు తీసుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చి ఆయుధాలు డిపాజిట్ చేయమని నోటీసు వస్తే, మీది ఎక్కడుందో స్టేషన్‌లో చూపించడానికి ఈ రసీదే ఆధారం.

రిపేరయి వస్తే మొదటి రోజు చేసిన తనిఖీ అంతా మళ్లీ చేయండి. వేరే పీస్ ఇస్తే నంబరు మారుతుంది. లైసెన్సులో పాత నంబరు తీసి కొత్తది ఎక్కించేదాకా, అంటే జిల్లాలో కలెక్టరేట్‌లో, కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్ ఆఫీసులో ఆ పని పూర్తయ్యేదాకా, దాన్ని ఇంటికి తేవొద్దు.

పట్టించుకోకపోతే

రివాల్వర్ కూడా వినియోగదారు డబ్బు పెట్టి కొన్న వస్తువే. 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దానితో తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. షాపు హైదరాబాద్‌లో, ఫ్యాక్టరీ కాన్పూర్‌లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. వస్తువు విలువ అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. లోపం ఉందా లేదా అన్నది పరీక్ష లేకుండా తేలదనుకుంటే, కమిషన్ వస్తువును సీల్ వేయించి ల్యాబ్‌కు పంపిస్తుంది. బయటి చేయి పడ్డ ఆనవాలు ఏదైనా అక్కడ కనిపిస్తే, ఫ్యాక్టరీ లోపమని నిరూపించుకునే దారి దాదాపు మూసుకుపోయినట్టే. కాబట్టి కేసు తేలేదాకా ఆ రివాల్వర్‌ని తుడిచే పని కూడా పెట్టుకోకుండా, రసీదుతో డీలర్ దగ్గరే ఉంచండి.