ఆడాసిటీ కొత్త తెరకు అలవాటు పడటం: భజన రికార్డింగులు చేసేవాళ్ళకు

ఒక లాప్‌టాప్, ఒక యూఎస్‌బీ మిక్సర్, రెండు మైకులు ఉంటే పర్లాకిమిడిలోనైనా గుణుపురంలోనైనా ఒక భజన బృందం పాటలు రికార్డు చేసుకోవచ్చు. అందుకు శబ్దం రికార్డు చేసి సరిదిద్దే ఆడాసిటీ ప్రోగ్రాం చాలు, పైగా ఉచితం. చిక్కల్లా పాత 2.4 వెర్షన్‌తో ఏళ్ళ తరబడి పని చేసి, లాప్‌టాప్ మార్చినప్పుడో ఫార్మాట్ కొట్టినప్పుడో ఒక్కసారిగా 3.7కి వచ్చినవాళ్ళకే. 2021 నుంచి విడతలవారీగా వచ్చిన మార్పులన్నీ వాళ్ళకు ఒకేరోజు ఎదురవుతాయి.

చోటు మారిన బటన్లు పెద్ద సమస్య కాదు, ఒక పూట వెతికితే దొరుకుతాయి. చూడటానికి పాతలాగే ఉండి పని చేసే తీరు మారినవే పాటను పాడుచేస్తాయి. కాబట్టి ముందు చోట్ల సంగతి త్వరగా తేల్చేద్దాం.

మైకు, స్పీకరు ఎంచుకునే డివైస్ పట్టీ ఇప్పుడు పైన కనిపించదు. దాని బదులు ఆడియో సెటప్ అనే ఒకే బటన్ ఉంటుంది. హోస్ట్ (కంప్యూటర్ శబ్దాన్ని అందించే దారి), ప్లేబ్యాక్ డివైస్, రికార్డింగ్ డివైస్, ఛానెళ్ళు అన్నీ దానిలోనే. పాత పట్టీయే కావాలంటే వ్యూ మెనూలో టూల్‌బార్స్‌కి వెళ్ళి డివైస్ టూల్‌బార్‌కి టిక్ పెట్టండి, తిరిగి వచ్చేస్తుంది. కింద ఎడమ మూల ఉండే ప్రాజెక్ట్ రేటు (44100 హెర్ట్జ్ లాంటి అంకె) ఆడియో సెటప్‌లోని ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్ళింది. మైకు వాల్యూమ్ జారుడు బటన్ రికార్డింగ్ మీటర్‌లోనే కలిసిపోయింది. మీటరు మరీ చిన్నగా ఉంటే దాని అంచు పట్టుకుని లాగి వెడల్పు చేసుకోండి. పాటలోని గట్టి చోట్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి.

ఆడాసిటీ తెరిచాక మిక్సర్ యూఎస్‌బీ పెడితే అది జాబితాలో కనిపించదు. చాలామంది కేబుల్ పోయిందనుకుంటారు. ఆడియో సెటప్‌లో రీస్కాన్ ఆడియో డివైసెస్ నొక్కితే వస్తుంది. మధ్యలో కరెంటు పోయి మిక్సర్ ఆగి మళ్ళీ వెలిగినా ఇదే మందు.

ఇక అసలు సంగతులు.

క్లిప్పును, అంటే రికార్డయిన ఒక్కో ముక్కను, జరిపే రెండు తలల బాణం పనిముట్టు, ఎఫ్5 నొక్కితే వచ్చేది, 3.1లో తీసేశారు. ఇప్పుడు ప్రతి క్లిప్పుకూ నెత్తిన ఒక సన్నని పట్టీ ఉంటుంది. జరపాలంటే ఆ పట్టీని పట్టుకుని లాగాలి. కింద శబ్దపు అలల బొమ్మ మీద లాగితే క్లిప్ కదలదు, సెలెక్షన్ మాత్రమే అవుతుంది. మొదటి వారం చెయ్యి పాత అలవాటు కొద్దీ అలల మీదికే పోతుంది. కదల్లేదు కదా అని డిలీట్ నొక్కారంటే సెలెక్ట్ అయిన ముక్క ఎగిరిపోతుంది. అక్కడ కంట్రోల్+జడ్ ఆదుకుంటుంది.

క్లిప్ అంచు పట్టుకుని లోపలికి లాగితే ఆ భాగం కత్తిరించినట్టే కనిపిస్తుంది గాని చెరిగిపోదు, దాగి ఉంటుంది. అంచు మళ్ళీ బయటికి లాగితే తిరిగి వస్తుంది. చరణం మొదట్లో ఊపిరి ఎక్కువ కోసేశామనుకున్నప్పుడు ఇది వరమే. కానీ ప్రాజెక్ట్ ఫైలు ఇంకొకరికి పంపితే ఆ దాచిన భాగం కూడా వెళ్తుంది. పాటకు ముందు డోలక్ వాయిద్యగాడితో బేరం మాట్లాడుకున్న మాటలు కోసేశాం కదా అనుకుంటారు, అవతలి మనిషి అంచు లాగి హాయిగా వింటాడు. పంపేముందు ట్రాక్‌ను (క్లిప్పులు ఉండే అడ్డ వరుసను) సెలెక్ట్ చేసి ట్రాక్స్ మెనూలో మిక్స్, దానిలో మిక్స్ అండ్ రెండర్ టు న్యూ ట్రాక్ నొక్కండి. కొత్త ట్రాక్‌లో కనిపించేది మాత్రమే ఉంటుంది. పాత ట్రాక్ తీసేసి, వేరే పేరుతో సేవ్ చేసి పంపండి.

3.4 నుంచి ఇంకో మెలిక ఉంది. ఆల్ట్ కీ నొక్కి పట్టి అదే అంచు లాగితే కోత కాదు, సాగతీత. శ్రుతి అలాగే ఉండి లయ నెమ్మదిస్తుంది, లేదా పరుగెడుతుంది. తాళాలు ఉన్నట్టుండి వెనకబడ్డాయంటే క్లిప్ నెత్తి పట్టీ చూడండి. వేగం శాతంలో కనిపిస్తుంటే వేలు ఆల్ట్ మీద పడిందన్నమాట.

పైన సమయం చూపే రూలరు మీద మౌస్‌తో లాగితే లూప్ ప్రాంతం ఏర్పడుతుంది. అది పనిలో ఉన్నంతసేపు ప్లే నొక్కితే అదే ముక్క తిరిగి తిరిగి వస్తుంది. ప్రోగ్రాం పాడైందని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ఎల్ కీ నొక్కితే లూప్ ఆగుతుంది. హార్మోనియం ఒక వరుస సాధన చేయడానికి ఇదే లూపు బాగా పనికొస్తుంది కూడా. అదే రూలరు మీద కుడి క్లిక్ చేసి నిమిషాలు, సెకన్ల రూపం ఎంచుకోండి. బీట్ల రూపం మెట్రోనోమ్‌తో, అంటే ఒకే లయలో టిక్కుమనే యంత్రంతో, పాడేవాళ్ళ కోసం. మన భజన తీరు వేరు, చివరికొచ్చేసరికి లయ పెరుగుతుంది, ఆ గడుల్లో అది ఇమడదు. సెలెక్షన్‌ను గీతలకు అతికించే స్నాప్ టిక్ కూడా తీసేయండి. లేకపోతే కోయాలనుకున్న చోటు కాక పక్క గీత దగ్గరికి సెలెక్షన్ దూకుతుంది.

రికార్డ్ బటన్ నొక్కితే ఉన్న ట్రాక్ చివరనే కొత్త రికార్డింగు అతుక్కుంటుంది. కొత్త ట్రాక్ కావాలంటే షిఫ్ట్+ఆర్. ముందు హార్మోనియం, డోలక్ రికార్డు చేసి, వాటిని వింటూ మీద గొంతు పాడించేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. గాయకుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడాలి, లేదంటే స్పీకరు మోత మైకులో పడుతుంది.

గొంతు ట్రాక్ కొంచెం వెనకబడి వినిపిస్తే గాయకుణ్ణి తప్పుపట్టకండి. కొత్త ఇన్‌స్టాల్‌తో సెట్టింగులు మొదటికి వచ్చి ఉంటాయి. ఆడియో సెట్టింగ్స్‌లో లేటెన్సీ కాంపెన్సేషన్ (రికార్డింగులో పడే ఆలస్యాన్ని సరిచేసే అంకె) మామూలుగా మైనస్ 130 మిల్లీసెకన్లు ఉంటుంది. అది మీ మిక్సర్‌కు సరిపోవాలని లేదు. సరిచేసే పద్ధతి ఇది:

1. జనరేట్ మెనూలో రిథమ్ ట్రాక్ ఒకటి చేయండి.
2. హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి, షిఫ్ట్+ఆర్ నొక్కి ఆ టిక్కుటిక్కును రికార్డు చేయండి.
3. కంట్రోల్+1తో బాగా దగ్గరికి జూమ్ చేసి, రెండు ట్రాకుల్లో ఒకే టిక్కు మధ్య దూరాన్ని సెలెక్ట్ చేయండి. ఎంత తేడా ఉందో కింద సెలెక్షన్ పెట్టెలో కనిపిస్తుంది.
4. రికార్డు చేసింది 40 మిల్లీసెకన్లు వెనక ఉంటే మైనస్ 130ని మైనస్ 170 చేయండి. ముందే ఉంటే మైనస్ 90.

హోస్ట్ మార్చినా మిక్సర్ మార్చినా ఈ కొలత మళ్ళీ తీయాలి.

ఎఫెక్టుల విషయంలో ఇప్పుడు రెండు దారులు. ఎఫెక్ట్ మెనూలోనివి పాత పద్ధతి, ఆడియోనే మార్చేస్తాయి. 3.2 నుంచి ట్రాక్ ఎడమ పక్క ఎఫెక్ట్స్ అనే బటన్ వచ్చింది. దానిలో కలిపినవి వింటూ ఉండగానే మార్చుకోవచ్చు, పవర్ గుర్తు నొక్కి ఆపేయవచ్చు, అసలు రికార్డింగు చెక్కుచెదరదు. రివర్బ్ (గది ప్రతిధ్వని), కంప్రెసర్ (గట్టి, మెల్లని చోట్ల తేడా తగ్గించేది) ఇక్కడ పెట్టడమే మేలు. కంప్రెసర్ ఒకసారి మెనూలో వేసి, మరిచిపోయి మళ్ళీ ఇక్కడ కలిపితే మాత్రం గొంతు నలిగిపోయి, ఊపిరి శబ్దం పాటంత ఎత్తుకు లేస్తుంది. నాయిస్ రిడక్షన్ ఇప్పటికీ మెనూ దారిలోనే. పాట మొదలయ్యే ముందు ఎవరూ కదలకుండా అయిదు సెకన్లు ఉత్త ఫ్యాను మోత రికార్డు చేసుకోండి. ఆ ముక్క సెలెక్ట్ చేసి గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కి, తర్వాత మొత్తం మీద 6 నుంచి 12 డెసిబెల్స్ వరకే వేయండి. అంతకు మించితే తాళాల మోగుడు నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది. రేకుల కప్పు మీద వాన శబ్దానికి ఇది పని చేయదు, అది నిలకడగా ఉండదు కనుక. వాన తగ్గేదాకా ఆగడమే.

సేవ్ నొక్కినప్పుడు క్లౌడ్‌లోనా, కంప్యూటర్‌లోనా అని అడుగుతుంది. కంప్యూటర్ ఎంచుకోండి. ఒక గంట స్టీరియో రికార్డింగు 44100 హెర్ట్జ్, 32 బిట్ ఫ్లోట్‌లో సుమారు 1.27 జీబీ అవుతుంది, మన సిగ్నలు మీద అది ఎక్కేసరికి తెల్లారిపోతుంది. ఎడిట్, ప్రిఫరెన్సెస్‌లో క్లౌడ్ పేజీకి వెళ్ళి ఎప్పుడూ కంప్యూటర్‌లోనే అని పెట్టేస్తే మళ్ళీ అడగదు.

ఎక్స్‌పోర్ట్ కిటికీ కూడా 3.4లో ఒక్కటైంది. ఫార్మాట్, ఛానెళ్ళు, నాణ్యత అన్నీ అందులోనే. కింద ఎక్స్‌పోర్ట్ రేంజ్ ఏం ఉందో తప్పక చూడండి. ఆ వరుస కరెంట్ సెలెక్షన్ మీద ఉండిపోతే గంట కార్యక్రమానికి బదులు పది సెకన్ల ఫైలు వస్తుంది. ఒక రాత్రి భజనను పాటలుగా విడగొట్టాలంటే ప్రతి పాట మొదట కర్సర్ పెట్టి కంట్రోల్+బి నొక్కి పేరు రాయండి. ఎక్స్‌పోర్ట్‌లో మల్టిపుల్ ఫైల్స్, లేబుల్స్ ఎంచుకుంటే అన్నీ విడివిడిగా దిగుతాయి. ఫోన్లలో పంచడానికి ఎంపీ3 192 కేబీపీఎస్ చాలు.

చివరగా వెర్షన్ల గొడవ. పాటలు పర్లాకిమిడిలో రికార్డయి, కోరస్ ఏటి అవతల పాతపట్నంలో చేరి, మిక్సింగ్ బరంపురంలో జరిగితే ముగ్గురి దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలి. పాత వెర్షన్ల ఏయూపీ ప్రాజెక్టు ఫైలును 3.0, ఆ తర్వాతివి తెరిచి ఒకే ఫైలుగా, ఏయూపీ3గా మార్చుకుంటాయి. 2.4 మాత్రం ఆ ఏయూపీ3ని తెరవలేదు. అందుకే తెరవకముందే పాత ఏయూపీ ఫైలును, దాని పక్కనున్న డేటా ఫోల్డరును కలిపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. ముగ్గురి వెర్షన్లూ కుదరకపోతే ప్రాజెక్ట్ పంపడం మానేసి, ట్రాకులన్నీ సున్నా సెకను నుంచి మొదలయ్యేలా విడివిడి వేవ్ ఫైళ్ళుగా పంపండి. అవి ఎక్కడైనా తెరుచుకుంటాయి, ఒకదాని కింద ఒకటి పెడితే లయ తప్పవు.